నాలుగింటి పచ్చచుక్క

"ద్రోహి! నమ్మించి గొంతు కోశాడు నీలంటోపీ!"

సీట్లు కుట్టే బాబాయి ఈ మాట మనసులో అనుకోలేదు, పైకే అనేశాడు. కుట్టు మిషను ముందు కూర్చుని, ఒళ్ళో సగం కుట్టిన కారు సీటు తొడుగు పెట్టుకుని, ఫోనుకేసి గుడ్లురిమి చూస్తూ అన్నాడు. పక్క షెడ్డులోంచి వెల్డరు తల బయటపెట్టాడు.

"ఎవర్ని బాబాయ్, నన్నా?"

"నిన్నైతే మొహం మీదే తిడతాను. నా రేసుగాణ్ణి. ఇవాళ కూడా రాలేదు."

"కార్లలో సీట్లు కుట్టేవాడివి, స్టీరింగు తిప్పడం రాదు. నీకు మళ్ళీ రేసుగాడొకడు!" అని నవ్వి వెల్డరు ముఖానికి అద్దం దించుకున్నాడు.

నిజమే కాబట్టి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి సూది పట్టినవాడు బాబాయి. ఎన్ని కార్లలో దూరాడో, ఎన్ని సీట్ల కింద పడుకుని కొక్కేలు లాగాడో లెక్కలేదు. ఒక్క కారునీ గేటు దాటించి ఎరగడు. నడిపినదల్లా ఫోనులోని ఆటలోనే. అందులో అతని పేరు 'సూది'. మొదటి వరసలో ఉన్న పేరది. జీవితంలో అతను ముందు వరసలో నిలబడ్డది ఆ ఒక్కచోటే.

చిక్కల్లా మనుషులు దొరకడం దగ్గరే. పొద్దున్నంతా గిరాకీ. సాయంత్రం ఇంటికెళితే ఫోను ఇంటావిడ చేతికి పోతుంది, వాళ్ళక్కతో కబుర్లకి. మిగిలింది మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట. ఆ గంటలో ఆట తెరిస్తే పేర్ల పక్కన చుక్కలన్నీ బూడిదరంగే. పచ్చచుక్క ఉంటే మనిషి ఉన్నట్టు, బూడిద ఉంటే లేనట్టు. సగం ప్రపంచం ఆఫీసుల్లో ఉండేది, సగం ముసుగుతన్ని నిద్రపోయేది. మనిషి దొరక్కపోతే ఆటే తన బొమ్మకార్లని పంపిస్తుంది. అవి మలుపులో బెదరవు, గుద్దితే తిట్టవు, ఓడితే ఉడుక్కోవు. వాటిని గెలిచినా పాయింట్లు రావు. పైగా బతికున్న మనిషితో పందెం వెయ్యని రోజున ఉన్న పాయింట్లలోంచే కొన్ని కరిగిపోతాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం ఒకే ఒక్క పచ్చచుక్క కనిపించింది. పేరు నీలంటోపీ. పందెం మధ్యలో ఇద్దరి కార్లూ రాసుకున్నాయి. "అయ్యో, తగిలిందా అన్నా!" అని ఫోనులోంచి మన మాటే వినపడింది. బాబాయికి ప్రాణం లేచొచ్చింది.

"రోజూ దొరుకుతావా తమ్ముడూ?"

"నాలుగింటికైతే దొరుకుతానన్నా. ఇప్పుడు నాలుగే."

షెడ్డు గోడ మీది గడియారంలో ఒకటిన్నరయింది. అక్కడ నాలుగు, ఇక్కడ ఒకటిన్నర. అంటే రెండున్నర గంటల తేడా, ఎక్కడో పక్క దేశమే అనుకున్నాడు బాబాయి. పని దిగి, కాళ్ళు బార్లా చాపుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆడుకునే సాయంత్రం నాలుగని ఊహించుకున్నాడు. నీలంటోపీ వ్యాను డ్రైవరు. ఆసుపత్రిలో గదులు తుడిచేవాళ్ళని డ్యూటీకి చేరవేస్తాడు. నిజం స్టీరింగు పట్టేవాణ్ణి రోజూ ఓడిస్తున్నానని బాబాయి లోలోపల మీసం మెలేసుకునేవాడు.

ఒకరోజు ఫోనులోంచి ఆడగొంతు వినపడింది.

"ఇంకా తెల్లారనేలేదు, ఏంటండీ ఈ గోల? ఐదింటికి బండి తియ్యాలి. కాసేపు నడుం వాల్చండి."

"ఒక్కటే, ఒక్క రేసు. అన్న ఎదురుచూస్తుంటాడు," అని గుసగుసగా నీలంటోపీ.

అంటే అది తెల్లవారుజాము నాలుగు! తేడా రెండున్నర గంటలు కాదు, తొమ్మిదిన్నర. ఇతని మధ్యాహ్నపు కులాసా కోసం అక్కడొకడు నిద్ర చంపుకుని లేస్తున్నాడు.

ఆ క్షణంలోనే పోయి పడుకోమని చెప్పాల్సింది. చెప్పలేదు. రెండ్రోజుల తర్వాత నీలంటోపీయే నోరు తెరిచాడు.

"అన్నా, కళ్ళు మండుతున్నాయి. మధ్యమధ్యలో ఓ రోజు మానేద్దామా?"

పోతే మళ్ళీ ఆ బొమ్మకార్లే గతి. బాబాయి నాలుక నూనె పోసిన మిషనులా నడిచింది.

"మానితే నేను మునిగిపోతాను తమ్ముడూ. ఒక్కరోజు తప్పితే నా పాయింట్లు మొత్తం సున్నా. మళ్ళీ అట్టడుగు నుంచి ఎక్కాలి."

పచ్చి అబద్ధం. కరిగేవి కాసిని. మర్నాడు గెలిస్తే అవీ తిరిగొస్తాయి.

"అమ్మో, మొత్తమా! నా మూలంగా మీరు పడిపోవడం ఎందుకన్నా. వస్తాలెండి," అన్నాడు ఆ పిచ్చిమారాజు. ఆ తర్వాత ఒక్కరోజు తప్పలేదు. ఇప్పుడేమో వరసగా నాగా. అందుకే బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

సీటు తొడుగు పక్కకి విసరబోతుంటే చుక్క పచ్చబడింది.

"ఎక్కడ చచ్చావయ్యా! నన్ను నిలువునా ముంచాలనా?"

అటునుంచి వచ్చిన గొంతులో చురుకు లేదు.

"బండి గోడకి కొట్టానన్నా. సిగ్నలు దాటాక కన్ను మూతపడింది."

"జనం?"

"ప్రాణాలకేం కాలేదు. రెండో వరసలో ఒకావిడ ముందు సీటుకి కొట్టుకుంది, నుదురు చిట్లింది. నాకు కుడి మణికట్టు విరిగింది. ఓనరు తాళాలు లాగేసుకున్నాడు. అది సరే, మీ పాయింట్లు మొత్తం పోయాయా అన్నా? పడుకున్నా లేచినా అదే బెంగ. అందుకే ఎడం చేత్తో ఆడదామని వచ్చాను."

వ్యాను సీటు వీపులో ఏముంటుందో బాబాయికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పైన రెండు వేళ్ళ మందం స్పాంజి, దాని కింద ఇనప కడ్డీ. అతుకు వేసేటప్పుడు ఆ కడ్డీ ఎన్నిసార్లు అతని వేళ్ళకి తగిలిందో. ఆ ఆడమనిషి నుదురు సరిగ్గా ఎక్కడ కొట్టుకుందో తన అరచేతికి తెలిసిపోయింది.

తెర మీద ఎర్రదీపాలు ఆరి పచ్చదీపం వెలిగింది. నీలంటోపీ కారు తప్పతాగినట్టు తూలుతూ వెళ్ళి మొదటి మలుపులోనే గోడకి తగిలింది. సూది కారు గీత మీదే ఉండిపోయింది.

"అన్నా, కదల్లేదేంటి? నెట్టు పోయిందా?"

"నెట్టు ఉంది తమ్ముడూ. సున్నా అవ్వలేదు. ఒక్కసారిగా ఎప్పుడూ అవ్వదు. ఏవో కాసిని తగ్గుతాయి, అంతే. నువ్వు మానేస్తావని అబద్ధమాడాను."

"నాకిక్కడ తెల్లవారుజామని మీకు తెలీదు కదన్నా..."

తెలీదంటే సరిపోయేది. పాపం, తప్పించుకునే దారి వాడే చూపించాడు.

"తెలుసు. మీ ఆవిడ మాట విన్నాను. తెలిశాకే చెప్పాను."

దూరంగా ఆ ఆడగొంతు, "ఎవరండీ ఫోనులో?" అంది.

"ఎవరూ లేరు. బొమ్మకారు," అన్నాడు నీలంటోపీ.

చుక్క బూడిదరంగులోకి తిరిగింది.

భోజనాలయ్యాక బాబాయి ఇప్పటికీ ఆట తెరుస్తూనే ఉన్నాడు. ఒక్కోరోజు ఎవరివో కొత్త పచ్చచుక్కలు వెలుగుతాయి. పందేనికి రమ్మని పిలుస్తాయి. వెల్డరు భుజం మీదుగా తొంగిచూసి, "పిలుస్తున్నారుగా బాబాయ్, నొక్కవేం?" అంటాడు.

"వాళ్ళకక్కడ ఎంతయిందో!" అంటాడు బాబాయి. నొక్కడు.

రోజూ కాసిని కరుగుతూ వచ్చాయి. తను చెప్పిన అబద్ధం నిజమయ్యేదాకా అలా చూస్తూనే కూర్చున్నాడు. సూది పేరు పక్కన సున్నా పడ్డ మధ్యాహ్నం అతను ఎవర్నీ తిట్టలేదు. ఏం పోయింది బాబాయ్ అని వెల్డరు అడిగితే, ఒళ్ళోని తొడుగు మీంచి తలెత్తకుండా చెప్పాడు: మూడువేల నూట నలభై పాయింట్లు.