లంకలో ఉండిపోయిన పిల్ల

కోంట సంతలో కరక్కాయల గంప దించుకుంటున్న సారలమ్మ చెవిన ఆ మాట పడేసి, హడ్మా తన దారిన తాను పోయాడు. పాపం, అతని తప్పేమీ లేదు. వెదురు తెప్పలు తోలుకుంటూ శబరి మీదుగా గోదావరిలోకి, అక్కణ్నుంచి రాజమండ్రి దాకా పోయి, కాళ్లీడ్చుకుంటూ తిరిగొస్తున్నవాడు. భేజ్జిలో ఉన్న ఇంటికి ఎప్పుడు చేరతానా అని ఉంది అతనికి.

"అక్కా, మీవోళ్లు కనవడ్డరు. మంచిగనే ఉన్నరు. సముద్రం కాడికి పోయిండ్రు. మీ మంగు మాత్రం వాళ్లెంట లేదు. లంకల ఉండిపోయింది" అన్నాడు.

కూతురి పేరు వినగానే సారలమ్మ చేతిలో గంప చేతిలోనే ఉండిపోయింది. తేరుకుని "ఓ హడ్మా, ఆగు" అని కేకేసేలోపు అతను సంత జనంలో కలిసిపోయాడు.

లంక! సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయిన చోటు ఏటికవతల పర్ణశాలేనని పుట్టిన్నాటి నుంచి వింటూ పెరిగిన మనిషి సారలమ్మ. ఆమెకు తెలిసిన లంక ఒక్కటే. అది సముద్రం అవతల ఉంటుంది. అక్కడికి పోయినవాళ్లను తెచ్చుకోవాలంటే కోతుల దండు కావాలి. సారలమ్మకున్నదల్లా మొగుడు భూషణం ఒక్కడే, వాడికి పొద్దున నిద్ర లేవడమే కష్టం.

పురాణం సంగతి పక్కన పెట్టినా ఆమె భయానికి కారణముంది. ఆమె మేనమామ ఒకాయన, కూలి బాగా దొరుకుతుందని ఎవరో మేస్త్రీ చెప్పిన మాట నమ్మి కాకినాడ పోయాడు. అక్కడ బర్మా పోయే రంగం ఓడ ఎక్కాడు. అంతే, మళ్లీ మనిషి లేడు, కబురు లేదు. ఆయన తల్లి బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఓడ అన్న మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. సారలమ్మ ఆ ఇంట్లోనే పెరిగింది.

అసలు ఈ ప్రయాణం పెట్టింది మరిది రాఘవులు. కుదురుగా కూర్చోలేని మనిషి. వరి నూర్పిళ్లయ్యాయి, ఇప్పపువ్వు రాలడానికి ఇంకా టైముంది, బస్తరు రాజుగారి మనుషులు వెట్టికి పిలిచే కాలమూ కాదు. ఊరికే కూర్చుని ఏం చేస్తాం, సముద్రం చూసొద్దామన్నాడు. అన్న కూతురు మంగును ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ ఒకటే ఊరింపు. గోదారి సముద్రంలో కలిసే చోట మునగాలట, ఇసుకలో గవ్వలేరుకోవాలట, దీపస్తంభం ఎక్కాలట, కొబ్బరి బొండాలు కడుపునిండా తాగాలట, కాగితమంత పల్చటి పూతరేకులు తినాలట. పదేళ్ల పిల్ల, విని విని నిద్రలో కూడా గవ్వలు గవ్వలు అని పలవరించింది. సారలమ్మ ఇక కాదనలేకపోయింది.

కానీ బయల్దేరే పొద్దున రేవులో పిల్లను పక్కకు లాక్కుపోయింది.

"ఇంగో మంగూ, నీళ్లల దిగు, గవ్వలేరుకో, నీ ఇష్టం. ఓడ మాత్రం ఎక్కకు. ఎంత మంచోడు పిలిచినా, మీ చిన్నాయనే చెయ్యి పట్టి గుంజినా ఎక్కకు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

మంగు తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. రాఘవులూ, అతని పెళ్లాం భద్రమ్మా పిలుస్తుంటే పరిగెత్తుకుంటూ పోయి తెప్ప మీద కూర్చుంది.

ఇప్పుడేమో ఈ కబురు.

గంప అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, సారలమ్మ మొగుడి మీద పడింది. "నీ తమ్మునికి పిల్లనప్పజెప్తే ఏం చేసిండో సూడు! అది లంకల ఉండిపోయిందంట!"

భూషణం చుట్ట తీసి నవ్వాడు. "ఏందే, రావణుడెత్తుకపోయిండా? ఎత్తుకపోతే మంచిదే. మన మంగు నోటికి తట్టుకోలేక వాడే తెచ్చి ఇడిచిపెడ్తడు."

"నీకు నవ్వులాటగ ఉందా? మా మామ పోయింది గుర్తు లేదా?"

ఆ మాటతో అతని నవ్వు ఆగిపోయింది. చెప్పొద్దూ, ఎంత మొద్దు మనిషయినా కన్నతండ్రే కదా. మరుసటి పొద్దున సారలమ్మ లేచేసరికి పక్కన లేడు. హడ్మాను పూర్తిగా అడిగి వద్దామని భేజ్జికి పోయాడు. హడ్మా ఇంట్లో లేడు, అత్తగారి ఊరు జగర్గుండా పోయాడట. భూషణం చెప్పుల్లో ముళ్లతో, ముఖాన చెమటతో తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. సారలమ్మ ఓ చెంబు నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. అతని వాలకం చూస్తేనే తెలిసింది.

ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగిందంటే వెలిగింది. ముద్ద దిగితే కదా? కళ్లు మూస్తే ఓడ కనబడేది సారలమ్మకు. ఓడ ఎట్లా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు, అందుకని అది ఒక్కోసారి కొండంత, ఒక్కోసారి ఊరంత కనబడేది. దాని మీద మంగు ఒంటరిగా నిలబడి ఉండేది. 'ఒట్టేసింది కదా, ఎక్కదు' అని ఒక మనసు. 'పసిది, పూతరేకు చూపిస్తే ఎక్కదా' అని ఇంకో మనసు. పోనిచ్చింది తనే కదా అని తన్ను తానే తిట్టుకునేది.

ఉప్పు పడవలు వచ్చే రోజులు కావడంతో ఆమె రేవు వదల్లేదు. ఆ పడవలు కిందికి పోయేటప్పుడు తామిద్దరూ ఎక్కి పోదామని భూషణంతో చెప్పింది. సముద్రం దాకా పోయి, అక్కణ్నుంచి ఎవరి కాళ్లయినా పట్టుకుందామంది. అతను వెంటనే సద్ది మూట కట్టుకున్నాడు.

మొదటి ఉప్పు పడవ రేవుకు తగలగానే సారలమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోయింది.

"అయ్యా, సరంగయ్యా! లంకకు తోవ ఏది?"

కోనసీమ నుంచి పడవ నడుపుకొచ్చిన ఆ సరంగు తాడు విసురుతూ ఆమె వంక చూశాడు. "ఏ లంకండీ?"

"ఏ లంకేందయ్యా? లంకలు ఎన్నుంటయి?"

"ఆయ్, బోలెడుంటాయండీ. మా ఊరికెదురుగా ఒకటి, దాని దిగువన ఇంకోటి. మా మేనత్తనిచ్చింది కూడా లంకలోకేనండీ."

 గోదారి మధ్యలో మేట వేసిన దిబ్బనే తమ వైపు లంక అంటారనీ, అందులో పొగాకు వేస్తామనీ, దోసపాదులు పెడతామనీ ఆ సరంగు ఎంతో ఓపిగ్గా వివరించాడు. రాక్షసులా? రాక్షసులు లేరు కానీ దోమలున్నాయన్నాడు. తన పదేళ్ల పిల్ల ఏదో లంకలో ఉండిపోయిందని సారలమ్మ చెప్పగానే అతను అందుకున్నాడు.

"కోంట పిల్లేనాండీ? వెనకాల పడవలో వస్తోందండీ. రెండు మలుపులు దాటితే వచ్చేస్తుంది."

సారలమ్మ నీళ్లలోనే చతికిలబడి ఏడ్చింది. భూషణం ఆమెను లేవదీస్తూ "చెప్పలే? రావణుడే తెచ్చి ఇడుస్తడని" అన్నాడు కానీ, చంకలో సద్ది మూట నీళ్లలో పడింది కూడా చూసుకోలేదు.

రెండో పడవ రానే వచ్చింది. భద్రమ్మ దిగుతూనే మొదలుపెట్టింది. "అక్కా, ఏం సముద్రమే అది! ఇంత కూడా అవతలి ఒడ్డు కనవడదు! దీపస్తంభం సూస్తిమి, మునిగితిమి, ఇగో గవ్వలు, కొంగు నిండ తెచ్చిన!" రాఘవులు మాత్రం వదిన ముఖం చూడకుండా మూటలు దించుకుంటున్నాడు.

మంగు ఉప్పు బస్తాల మీది నుంచి మెల్లగా దిగింది. సారలమ్మ దాన్ని ఒళ్లంతా తడిమి చూసింది. వేళ్లు, చెవులు, జడ, అన్నీ ఉన్నాయి. "నా బంగారు తల్లి! సముద్రం ఎట్లుందే?"

"నేను సూడలే."

"సూడలేదా? అంత దూరం పోయి?"

రాఘవులు ఇక ఆగలేకపోయాడు. "ఏం జెయ్యాలె వదినె? సముద్రం కాడికి పోవాల్నంటే పొగ ఓడ ఎక్కాలె. ఆడ దాన్ని అందరు ఓడనే అంటరు. ఆ మాట ఇనంగనే చెట్టు పట్టుకోని కూసున్నది. బతిమాలితి, కొట్టబోతి. కదల్లే. లంకల ఒక ముసలమ్మ కాడ ఉంచి పోతిమి. వచ్చేటప్పుడు సుత ఓడ వద్దన్నది. ఉప్పు పడవ దొరికేదాక ఆన్నే ఉంటిమి."

సారలమ్మ కూతురి ముందు కూర్చుంది. "నీకు మనసు కాలేదా బిడ్డా, సూడాల్నని?"

"అయింది." మంగు తల్లి నెత్తి వంక చూసింది. "నీ నెత్తి మీద ఒట్టేస్తి గద. ఎక్కితే నువ్వు సచ్చిపోవా?"

అని గుప్పిట విప్పి చూపించింది. అరచేతిలో ఓ ఉప్పు గల్లు, చెమటకు సగం కరిగి ఉంది. "ఇది సముద్రమేనంట. సరంగు తాత ఇచ్చిండు."

 ఇన్నాళ్లూ పిల్లను ఎవరో పట్టి ఉంచారని వీళ్లనూ వాళ్లనూ తిట్టిపోసింది. పట్టి ఉంచింది తన మాటే. ఆమె ఆ ఉప్పు చేతిని తీసి మళ్లీ తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. నాకేం కాదు. నువ్వు ఓడ ఎక్కు బిడ్డా."

మంగు గట్టు వంక చూసింది. తర్వాత ఏటి వంక చూసింది. ఉప్పు పడవలు రెండూ ఖాళీ అవుతున్నాయి.

"ఓడ ఈడిదాక రాదు గదమ్మా" అంది.