మంచం మీది సంచి

"మంచం మనుషులు పడుకోడానికండీ, తడి తువ్వాళ్లకు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆరేసేవాణ్ణే. ఈలోపే నీ కంట్లో పడింది," అన్నాడు భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మీరు ఆరేసేసరికి అది అక్కడే ఆరిపోతుంది."

తువ్వాలు దులిపి తాడు మీద వేసి, ఆమె ఆయా పనికి బయల్దేరింది.

వృద్ధాశ్రమంలో పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం, తలలు దువ్వడం ఆమె పని. ఈ మధ్య ప్రతి పరుపు కిందా బరువును పసిగట్టే పట్టీ ఒకటి వేశారు. మనిషి మంచం దిగితే గంట మోగుతుంది. మంచం మీదుంటే నర్సు గది బోర్డు మీద పచ్చదీపం. పడిపోయి ఎముకలు విరగ్గొట్టుకునేవాళ్లు తగ్గారు, ఆ మాట నిజమే.

చివరి గది కండక్టరమ్మకే అదంటే ఒళ్లుమంట. ఉద్యోగమంతా బస్సులో నిలబడే గడిపిన మనిషి. కిటికీ దగ్గర నిలబడి కింద పోయే బస్సులు చూడటం ఒక్కటే ఆవిడ సరదా. లేచిన ప్రతిసారీ గంట, పరుగున నర్సు, మళ్లీ మంచం.

"అప్పుడు నేను గంట కొడితే బస్సు కదిలేదే పిల్లా. ఇప్పుడు నేను కదిలితే అది గంట కొడుతోంది," అని నవ్వేది.

ఒకరోజు నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆయా చూడలేకపోయింది. దుప్పట్ల మూట పెట్టినా పచ్చదీపమే వెలగడం ఆమె అంతకుముందే గమనించింది. ఓ సంచి నిండా నీళ్ల సీసాలు నింపి పరుపు మీద పెట్టి, ఆవిణ్ణి లేపింది. గంట మోగలేదు.

అప్పటినుంచి రోజూ అదే. ఆవిణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, పక్క గది ముగించుకొచ్చి పడుకోబెట్టేది.

ఇవాళ పక్క గది ముసలాయనకు వాంతులు. కడిగి, తుడిచి, బట్టలు మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. పరుగున వచ్చి చూస్తే కండక్టరమ్మ కిటికీ కింద ఒరిగిపోయి ఉంది. చెయ్యి చల్లగా తగిలింది. ఆయా ఏం చేస్తోందో తెలియకుండానే మంచం మీంచి సంచి తీసింది.

అప్పుడు మోగింది గంట.

"ఒళ్లు చల్లబడ్డాక గంట మోగడమేమిటి? అంతసేపూ గంట ఆపేసి కూర్చుని ఉంటావు," అన్నాడు మేనేజరు డ్యూటీ నర్సుతో.

"పచ్చదీపమే ఉంది సార్, ఒట్టు!" ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. రేపటినుంచి రావద్దన్నారు. ఆయా గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

రాత్రి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"అమ్మా, ఇన్ని నీళ్లెందుకు మోసుకొచ్చావ్?" అంది కూతురు గుమ్మం వైపు చూసి.

సంచి తనతో ఇంటిదాకా వచ్చిందని ఆయాకు అప్పుడు తెలిసింది. మొదటినుంచీ జరిగిందంతా చెప్పేసింది.

"ఎవరూ చూళ్లేదుగా," అన్నాడు భర్త. "ఉద్యోగం పోతుందే. పోలీసులు కూడా..."

"పోనివ్వండి. పొద్దున్నే వెళ్లి చెప్పేస్తాను. ఆ పిల్ల అన్నది నిజం. పచ్చదీపమే వెలిగింది. వెలిగించింది నేను."

గుమ్మం పక్కన సంచి నిటారుగా నిలబడి ఉంది. పొద్దున ఆమె బిగించిన మూతలు ఒక్కటీ వదులు కాలేదు.