మేనమామ ఒడి

మా బావగారు అన్నాచెల్లెళ్ల ప్రేమ మీద సినిమాలు తీస్తాడు. ఊళ్లో వేలుచ్చామి, పోస్టర్ల మీద వేలరసు. కిందటి సినిమాలో అన్న చెల్లెలి కోసం పొలం అమ్మి, కిడ్నీ ఇచ్చి, చివరికి ప్రాణం కూడా ఇచ్చేశాడు. ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు గనక సినిమా అయిపోయింది. మదురైలో ఆడవాళ్లు కొంగులు పిండుకుంటూ బయటికొచ్చారు. టీవీవాళ్లు అడిగితే, "నా చెల్లెలు పూంగొడే నా కథలకి ప్రాణం" అని గొంతు బొంగురు చేసుకున్నాడు. ఆ ప్రాణం నా పెళ్లాం. తేని ఊళ్లో మా పిండి మర వెనక గదిలో ఆ ముచ్చట చూస్తూ, అన్న ఫోనెత్తడం లేదని తిట్టుకుంటోంది.

తిట్టుకోదా మరి? మా అమ్మాయి కయల్‌కి ఐదేళ్లొచ్చినా చెవులు కుట్టలేదు. మాలో పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, కులదైవం ముందు కుట్టాలి. అమ్మానాన్నా పోయిన పూంగొడికి పుట్టిల్లంటే ఆ ఒక్క అన్నే. ముహూర్తం పెట్టినప్పుడల్లా ఆయనకి షూటింగు. మా అమ్మకి మాత్రం పండగే. "సినిమాలో కిడ్నీలు పంచుతాడు కదే మీ అన్న, నా మనవరాలికి కాస్త ఒడి ఇమ్మను" అని వచ్చేపోయేవాళ్ల ముందు దెప్పేది. పూంగొడి మాట్లాడకుండా పిండి జల్లించుకునేది. అమ్మ దెప్పుళ్లకన్నా ఆ ఊరుకోవడం చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

చివరికి ఆవణి నెలలో ఆయనే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, కొత్త సినిమాలో చెవులు కుట్టే సీనుంది. మీ కులదైవం ముని గుడి దగ్గరే తీస్తున్నా. పిల్లని తీసుకొచ్చెయ్, పనిలో పని, కుట్టించేద్దాం."

"నువ్వే కూర్చుంటావు కదన్నా?"

"నేను కాక ఇంకెవరు కూర్చుంటారే పిచ్చిదానా!"

ఆ రోజు దాని సంబరం చూడాలి. మేనమామకి పెట్టడానికి పట్టుపంచె కొంది. నేను మేకపోతుని మాట్లాడాను. అమ్మ కూడా రెండు రోజులు నోరు కట్టేసుకుంది.

గుడి దగ్గర సారె పళ్లేలు బారులు తీరి ఉన్నాయి. పళ్లన్నీ ప్లాస్టిక్‌వి. మేనమామ పీట మీద హీరో ముగిలన్ కూర్చుని మీసం దువ్వించుకుంటున్నాడు.

"ముందు మన పిల్లతోనే ఉత్తుత్తిగా ఓ షాటు తీసేస్తాం అమ్మాయ్. కంసాలి కుట్టినట్టు చేస్తాడంతే. తర్వాత నేను కూర్చుంటా" అన్నాడు బావగారు, మానిటర్ ముందు నుంచి లేవకుండానే.

కంసాలి ఆరుముగం మాత్రం సినిమావాడు కాదు, మా ఊరివాడే. ఉత్తుత్తిగా కుట్టమంటే సరేనన్నాడు. పిల్ల ముగిలన్ ఒళ్లో కూర్చుంది, డోళ్లు మోగాయి, ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కులవలు పెట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆ మోత వినబడితే కుట్టడమే గాని కుట్టకపోవడం ఎరగని చెయ్యి అది. కయల్ కుడి చెవిలోంచి బంగారు తీగ దూసేసింది.

పిల్ల కెవ్వుమంది. ముగిలన్ హడలిపోయి, దాని తల గుండెకి అదుముకుని, "అయిపోయింది బంగారూ, అయిపోయింది" అన్నాడు.

"అద్భుతం!" మా బావగారు కుర్చీలోంచి ఎగిరాడు. "ఏం ఏడ్చిందిరా పిల్ల!"

"సార్, నిజంగానే కుట్టేశాడు" అన్నాడు ముగిలన్.

డోళ్లు ఆగిపోయాయి. ఆరుముగం లెంపలేసుకున్నాడు. పూంగొడి వెళ్లి కూతురి చెవి చూసి, తిన్నగా అన్న దగ్గరికొచ్చింది.

"పోన్లే అన్నా. ఎడమ చెవి ఉందిగా. దానికి నువ్వు కూర్చో. ఒక్క చెవైనా నీ ఒళ్లో కుట్టించు, నాకంతే చాలు."

ఆయన చెల్లెల్ని చూశాడు. ఆకాశం వంక చూశాడు. ఎండ వాలిపోతోంది.

"ఎలా కుదురుతుందే? ఒక చెవికి హీరో, ఇంకో చెవికి నేనా? జనం నవ్వరూ? ముగిలన్, నువ్వు కదలకు. కెమెరా ఎడమ పక్కకి జరపండి!"

నేను లేచాను. రెండు తగిలించి, సినిమాలో అది కూడా పెట్టుకోమందామనుకున్నాను. పూంగొడి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కళ్లు తుడుచుకుని, ఆ పీట దగ్గరికి తనే నడిచింది.

"అన్నా, గట్టిగా పట్టుకోండి. ఇది బాగా గింజుకుంటుంది" అంది ముగిలన్‌తో.

రెండో చెవీ కుట్టారు. పట్టుపంచె తెచ్చి ముగిలన్ భుజాన కప్పింది, బొట్టు పెట్టింది, కూతురి చేత కాళ్లకి దండం పెట్టించింది. ఆ కుర్రాడు ఏం చెయ్యాలో తెలియక పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి ఏడ్చేశాడు. మానిటర్ ముందు మా బావగారు కూడా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ పంచె ఎవరికోసం కొన్నదో ఆయనకి తట్టనే లేదు.

పూంగొడి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"మేనమామ మర్యాదలు అయిపోయాయి. మీరూ మీవాళ్లూ భోంచేసి వెళ్లండి, డైరెక్టరుగారూ."

ఆయన ఏడుపు ఆగిపోయింది. తగిలిందనుకున్నాను. చెల్లెలి మొహంలోకి అలా చూస్తూనే, పక్కనున్న అసిస్టెంటు భుజం తట్టాడు.

"రాసుకోరా. క్లైమాక్సుకి డైలాగు దొరికింది."