సంతకం ముందు, తనిఖీ తర్వాత

మునీర్ కౌంటింగ్ బల్ల కింద వెల్లకిలా పడుకుని గోడ వెంట వైర్లు బిగిస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు బల్ల కిందికి దూరేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు రెండుసార్లు మూలుగుతాయి. సైనిక్‌పురి దాటాక ఉన్న ఆ గృహ సహకార సంఘంలో పందొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద వైరింగ్ పని అతనిది. పర్మనెంట్ చేస్తామని మూడు కార్యవర్గాలు మాటిచ్చాయి. మాటివ్వడంలో ఏదీ వెనకబడలేదు.

ఈరోజు సంఘం ఎన్నికల ఓట్ల లెక్క. కాప్రా చెరువు దగ్గరున్న సంఘం ఖాళీ జాగా అమ్మాలనేది ఒక వర్గం, వద్దనేది ఇంకో వర్గం. ఓటు కాగితం మీదే వేస్తారు. యంత్రం ఆ కాగితాలు చదువుతుంది, కంప్యూటర్ కూడుతుంది. ఆ కంప్యూటర్‌కు వైర్‌లెస్ పరికరం ఏదీ తగిలించకూడదని నియమం. అందుకే ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు.

నియమం సరే, అలవాటు వేరు. తనిఖీ ఫారం మీద పొద్దున్నే సంతకం పెట్టించుకుని, తీరిక చూసి తనిఖీ చేయించడం ఆ ఆఫీసు పద్ధతి. మునీర్ ఏనాడూ ఫారం చదవలేదు. వేలు చూపించిన చోట పెట్టేవాడు, అంతే. ఆ బద్ధకమే ఈరోజు మెడకు చుట్టుకోబోతోంది.

అతను యంత్రాల వెనక భాగాన్ని కళ్లతో చూడడు, వేళ్లతో తడుముతాడు. ఆ వేళ్లకు చింతగింజంత ముక్క తగిలింది.

"దేవిశ్రీ బేటా, నీ మౌసుకు వైరుంది కద?"

"ఉంది అంకుల్," అంది ఆపరేటర్.

"మల్ల వెనక గిదేంది?"

ఆ అమ్మాయి వంగి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది.

మునీర్ దాన్ని లాగలేదు. లాగితే తనే పెట్టి తీశాడంటారు. నేరుగా ఎన్నికల అధికారి రాజేందర్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, కంప్యూటర్ వెనక వైర్‌లెస్ ముక్క ఉంది. గోడ అవతల కార్ల కూసొని సుత దాంతోని టైపు కొట్టొచ్చు. లెక్క షురూ చెయ్యకుండ్రి. కాగితాలున్నయి కద, చేతులతోని లెక్కవెట్టుండ్రి."

రాజేందర్ ఫారం ముందుకు జరిపాడు. "పొద్దుగాల ఏడింటికి ఏం లేదని సైన్ చేసినవ్ భాయ్. ఇప్పుడుందంటే మధ్యల పెట్టిందెవరు? మిషిన్ కాడ నువ్వే ఉంటివి కద."

మునీర్ ఫారం మీది తన సంతకం వైపు చూశాడు.

"జెర సోచాయించు. తప్పుగ చూసిన అను, పోయి పని చేస్కో. లేదంటే పోలీసులు నిన్నే అడుగుతరు."

ఈ పని పోతే ఈ వయసులో ఇంకెవరిస్తారు? ఇంట్లో భార్య జాన్ బీకి ఏం చెప్పాలి? భయం వేసింది అతనికి, బాగానే వేసింది. అయినా జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఫారమంతా చదివాడు. 'వైర్‌లెస్ పరికరాలేవీ లేవని స్వయంగా పరీక్షించి ధ్రువీకరిస్తున్నాను.' కింద తన పేరు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పెన్ను తీసుకుని తన సంతకాన్ని తానే కొట్టేశాడు.

"పొద్దుగాల చూడలే సార్, చూడకుండనే పెట్టిన. గా తప్పు నాదే. ఇప్పుడు చూసిన. చూసినదాన్ని లేదని ఎట్లంట?"

కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మెడలోని గుర్తింపు కార్డు తీసి రాజేందర్ చేతికిచ్చి, తిరుమలగిరి బస్సు కోసం గేటు దాటి వెళ్లిపోయాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

రాజేందర్ ఇంకో ఫారం ప్రింటు తీయించాడు. దేవిశ్రీ తల వంచుకుని సంతకం పెట్టింది. నలభై నిమిషాల్లో లెక్క ముగిసింది, జాగా అమ్మే వర్గం గెలిచింది. ఓట్ల వల్ల గెలిచిందో, వెనకున్న ముక్క వల్ల గెలిచిందో ఇక ఎవరూ చెప్పలేరు. చేత్తో ఎవరూ లెక్కపెట్టకుండానే కాగితాల కట్టలు బీరువాలోకి పోయాయి.

ఫ్యాను గాలికి కొత్త ఫారం ఎగిరిపోబోతుంటే, రాజేందర్ బల్ల మీద చేతికందిన బరువొకటి దాని మీద పెట్టాడు. మునీర్ మరిచిపోయిన కళ్లద్దాలవి.