పుట్టెంట్రుకల గడువు

మా కోటిగాడికి పదో నెల నిండేసరికి ఆయాసం మూడుసార్లు వచ్చింది. మూడోసారి నరసరావుపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన వాడి వీపు మీద గొట్టం పెట్టి విని మా ఆయన వైపు కోపంగా చూశాడు.

"ఇంట్లో పొగ తాగేది నువ్వేనా?"

"నేను కాదు సార్. మా అమ్మ," అన్నాడు సాయి.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. మా అత్త గురవమ్మ, మాట తన గురించి కాదన్నట్టు, గోడ మీద పాపాయి బొమ్మ చూస్తా నిలబడింది. ఇంట్లో ఎవరు తాగినా పిల్లాడి ఛాతీలో ఈ పిల్లికూతలు తగ్గవనీ, ముదిరితే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిద్దనీ చెప్పాడాయన.

ఇంటికొచ్చాక మా అత్త రొంటిన దోపుకున్న చుట్ట తీసి, చానాసేపు దాని వంక చూసి, దేవుడి పటం ముందు పెట్టింది.

"త్రికోటేశ్వరా! వీడి పుట్టెంట్రుకలు నీ కొండ మీద ఇచ్చిందాకా చుట్ట ముట్టను."

సాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను మాత్రం క్యాలెండర్ దగ్గరికి పోయాను. నా చదువు తొమ్మిదిలో ఆగిపోయినా రోజులు లెక్కపెట్టుకోవడం వచ్చు. ఆ రోజు గురువారం. కోటప్పకొండకి పంతులుగారు పెట్టిన ముహూర్తం ఆపై వారం సోమవారం. అంటే పదకొండు రోజులు. పన్నెండో రోజు సంగతి ఆమె దేవుడికి చెప్పలేదు.

మొదటిరోజు పొద్దున్నే బాత్రూంలోకి పోయి అరగంటకి ఉత్తచేతులతో ఓడిపోయినదానిలాగా బయటికొచ్చింది. నలభై ఏళ్ళుగా చుట్ట లేందే ఆమెకి ఆ పని అవదు. మూడు గ్లాసుల టీ తాగి మళ్ళీ పోయింది. "నిదానంగా వచ్చిద్దిలే అమ్మా," అన్నాడు సాయి.

"నీకేందిరా, నీ కడుపా!" అని లోపల్నుంచే తిట్టింది.

రెండోరోజు నా కూరలో ఉప్పు లేదంది. వేస్తే ఎక్కువైందంది. ఎక్కువైన కూరే మూడుసార్లు వేయించుకుంది. మూడోరోజు ఉల్లిపాయల ఆటో వచ్చింది. మైకులో రికార్డు చేసిన గొంతు చెప్పిందే చెప్తుంటే, గుమ్మంలో నిలబడి ఆ గొంతుతోనే పోట్లాడింది. "ఒకసారి చెప్తే ఇనపడదంట్రా మాకు? చెవుడా?" బండి నడిపేవాడు లోపల భయపడి కిలో ఉల్లిపాయలకి ఇంకో నాలుగు కలిపిచ్చాడు.

నాలుగోరోజు ఎంతకీ కనపడకపోతే దొడ్లోకి పోయి చూశాను. ముళ్ళకంచె పట్టుకొని నిలబడి ఉంది. అవతల పక్కింటి జక్కయ్య బాబాయి బీడీ తాగుతున్నాడు.

"ఒరేయ్ జక్కయ్యా, పొగ అటెందుకు వదుల్తావ్? ఇటు వదల్రా."

"గాలి అటుంది గదక్కా."

"అయితే నువ్వు ఇవతలకొచ్చి నిలబడు!"

నన్ను చూసి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "తాగితే గదే తప్పు, వాసన చూస్తే ఏంది?" అంది మా అత్త. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అప్పట్నుంచి ఆమె నోట్లో లవంగం, వేళ్ళ మధ్య చీపురుపుల్ల. పోపులడబ్బాలో లవంగాలు అయిపోయినయ్. ఇల్లు ఊడుద్దామంటే చీపురు సగానికొచ్చింది. ఆరోరోజున చూసుకుంటే, ఆయాసం వచ్చినప్పుడు కోటిగాడికి ఆవిరి పట్టే మిషన్ మీద దుమ్ము పేరుకొని ఉంది. రోజుకి పదిసార్లు వాడి ఛాతీ మీద చెవి పెట్టి వింటుంటాను. పిల్లికూత లేదు. నా చెవే పాడైందేమోనని సాయి చేత కూడా వినిపించాను.

పదోరోజు కొండకి సామాను సర్దుతుంటే మా అత్త మూట విప్పాల్సొచ్చింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, కొత్త తువ్వాలు. తువ్వాలు మడతలో చుట్టల కట్ట, అగ్గిపెట్టె. ఎక్కడివి అక్కడ పెట్టేశాను.

పంతులుగారి మాట గుర్తొచ్చింది. పదకొండో నెల దాటితే పుట్టెంట్రుకలు మళ్ళీ మూడో ఏటనే. సోమవారం దాటిందంటే వాడికి ఆ నెల నిండేలోపు ఇంక ముహూర్తం లేదు. దేవుడి పని మీద అబద్ధమాడితే పిల్లాడికి ఏమన్నా అయిద్దేమోనని ఒక భయం. ఆడకపోతే ఏమయ్యిద్దో అదింకో భయం.

సోమవారం పొద్దున సాయి ఆటోకి పసుపు బొట్లు పెట్టి హారన్ కొడుతుంటే, నేను గుమ్మం అవతలే నిలబడి, "అత్తమ్మా, నేను బయట చేరాను," అన్నాను. ఆ మూడు రోజులు గుడి మెట్లెక్కకూడదు. తల్లి లేకుండా మా ఇళ్ళల్లో పుట్టెంట్రుకలు తీయరు.

మా అత్త నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"పదిహేను రోజుల కిందటే గదే పచ్చడి జాడీ ముట్టకుండా మూల కూర్చున్నావ్? నెలకి రెండుసార్లు వచ్చిద్దా నీకు?"

ఏడుపొచ్చింది. "మూటలో చుట్టలు చూశానత్తమ్మా."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. "ఒకటే తాగుదామనుకున్నా. కొండ దిగినాక."

"ఒకటితో ఆగిద్దా?"

"ఆగదు," అంది.

బయట సాయి మళ్ళీ హారన్ కొట్టాడు. కోటిగాడు ఆ చప్పుడుకి కేరింతలు కొట్టాడు. అంత గట్టిగా అరిచినా వాడికి దగ్గు రాలేదు. మా అత్త కూడా విన్నది. కొంగు బిగించి వాకిట్లోకి పోయింది.

"ఒరేయ్ సాయీ, బండి ఆపు. నీ పెళ్ళాం బయట చేరింది. మూడో ఏట తీద్దాం ఎంట్రుకలు. దాని అన్నకి ఫోన్ చేసి కొండకి రావొద్దని చెప్పు."

వెనక్కొచ్చి చాప తెచ్చి వసారాలో నా ముందు పడేసింది. "కూర్చో. మూడు రోజులూ కూర్చోవాల్సిందే. నా కొడుకు ముందు నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

కూర్చున్నాను. మూడు రోజులు వంట, అంట్లు, బట్టలు, బర్రె, పిల్లాడు, అన్నీ ఆమే. ఆపకుండా తిట్టింది. తిట్టే నోటికి లవంగం కూడా గుర్తురాలేదు. చుట్టల కట్ట పొయ్యిలో వేయబోయి, "పొగొచ్చిద్దే," అనుకొని తీసుకుపోయి పెంటకుప్పలో పూడ్చింది. ఎక్కడ పూడ్చిందో నేను గుర్తు పెట్టుకొని, ఆమె స్నానానికి పోయినప్పుడు వాటి మీద రెండు బకెట్ల నీళ్ళు పోశాను.

మూడోరోజు సాయంత్రం కోటిగాడి కళ్ళలో పడుతున్న జుట్టుకి పిలక వేసి, నా పక్కన చాప మీద కూలబడింది.

"ఇంద్రజా, మూడో ఏడంటే ఇంకెన్ని రోజులే?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. చెప్పబుద్ధి కాలేదు గానీ చెప్పాను. "నాలుగొందల పైమాటే. మధ్యలో లీపు సంవత్సరం వచ్చేటట్టుందత్తమ్మా. ఇంకో రోజు కలుపుకోవాలి."

"ఆ ఒక్కరోజూ నీ పుట్టింటికి పో," అంది మా అత్త. "నీ మీద అరవకుండా ఉండటం నా వల్ల కాదు."