దవడన పెట్టిన ఆకు

రెండో లారీ నిండేసరికి గోవిందమ్మ నోట్లోని ఆకు చప్పబడింది. ఆమె దాన్ని ఉమ్మలేదు. మదనపల్లె టమోటా మార్కెట్లో ఆ మండీ ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్లెవరూ ఉమ్మలేదు. పచ్చివి ఒకవైపు, దోరవి ఒకవైపు, పగిలినవి వెనక్కి. చేతులు కాయలను వేరు చేస్తూనే ఉన్నాయి. పొద్దు నెత్తికెక్కుతున్నా ఎవరూ సద్ది మూట విప్పలేదు.

అక్కడి పద్ధతి అది. తెల్లవారి పనిలోకి దిగేముందు ఒకసారి, మూడో లారీ వచ్చినప్పుడు ఒకసారి, మేస్త్రీ రెడ్డెప్ప తన సంచిలోంచి ఒక్కొక్కరికి ఆకూవక్కా, చిటికెడు పొగాకూ ఇస్తాడు. కూలి నాలుగు వందలు. ఆకు దానికి అదనం. దవడన పెట్టుకుంటే ఆకలి తెలియదు. ఆకలి తెలియకపోతే లారీ ఆగదు. అది దయో పనిముట్టో ఇచ్చేవాడూ ఆలోచించలేదు, పుచ్చుకునేవాళ్లూ ఆలోచించలేదు. ఆలోచించడానికి కూడా కొంత తీరిక కావాలి.

కాయల గుట్టల మధ్య దారి చేసుకుంటూ అఫ్సానా వచ్చింది. పుంగనూరు పిల్ల. కుప్పంలో జరుగుతున్న ఒక పరిశోధనకు వివరాలు సేకరించడం ఆమె ఉద్యోగం. కంప్యూటర్లో ఒక ఊరిని ఊహిస్తారు. ఆ ఊరిలో మనుషులు పుడతారు, ఆకు నములుతారు, కొందరు నోటి క్యాన్సరుతో పోతారు. ఏటేటా నోరు పరీక్షిస్తే తక్కువమంది పోతారు. ఎంత తక్కువ అన్నదే లెక్క. ఆ లెక్కను చూసి, పరీక్షల శిబిరం ఎక్కడ పెట్టాలో నిధులిచ్చేవాళ్లు తేలుస్తారు.

ఆమెను చూడగానే వరసంతా కొంగుముడులు విప్పి, దాచుకున్న ఆకు నోట్లో పెట్టుకుంది.

"గోవిందమ్మక్కా, ఒకసారి నోరు సూపిస్తావా?"

"నోట్లో ఆకుండాది కదమ్మా. యాడ సూపించేది?"

"ఉమ్మెయ్ అక్కా."

"ఇప్పుడే ఏసుకుంటి. పారేసేదానికి మనసెట్లొస్తాది?"

పక్కనున్న రామక్క అందుకుంది. "మా నోర్లు సూసి ఏం సేస్తావు పాపా? ఏమన్నా సంబంధం తెచ్చినావా?"

అందరూ నవ్వారు. గోవిందమ్మ పెదవులు నవ్వుకు సాగలేదు. ఆమె పక్కన సద్ది మూట లేదు. ఒక సీసాలో గంజి, ఒక సీసాలో నీళ్లు ఉన్నాయి. అఫ్సానా రెండూ గమనించింది.

పోయిన నెల పుంగనూరులో ఇట్లాగే కాయలు వేరుచేసే విజయమ్మ, అడగ్గానే నోరు తెరిచింది. బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని నడుమ పుండు. అందరి ఎదుటే అఫ్సానా టార్చి వేసి చూసింది. మర్నాడు అక్కడి మేస్త్రీ ఆమెను పనికి పిలవలేదు. తినే కాయల దగ్గర పుండు మనిషి ఎందుకన్నాడు. అంటుకునే జబ్బు కాదని చెప్పడానికి అఫ్సానా వెళ్లేటప్పటికి ఆమె చోట్లో మరొకామె కూర్చుని ఉంది. ఆ వార్త బస్సెక్కి మదనపల్లెకు వచ్చింది. అప్పటినుంచి, అడగడానికి ముందే ఆకు. ఆకు చాటున పుండు. జబ్బును దాచుకోవడానికి వాళ్లకు దొరికిన మరుగు, జబ్బును పెంచేదే.

అఫ్సానా పక్కకు పోయి కుప్పంలోని పరిశోధకుడు మురళీధర్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఈడ ఒకామెకు నోరు బిగుసుకుపోయుండాది. గంజి తాగి బతకతాండాది."

"లోపల చూసినావా అమ్మా?"

"తెరవడం లేదు సార్."

"చూడనిదాన్ని ఉందని ఎట్లా రాస్తాం?" ఆయన గొంతులో కోపం లేదు. "రేపే నిధుల సమీక్ష. మదనపల్లెలో నువ్వడిగితే అందరూ నోట్లో పుండు లేదనే చెప్పినారు. దాన్నిబట్టి కంప్యూటర్ మోడల్ అక్కడ శిబిరం అక్కర్లేదంటాంది. నాకూ నమ్మకం లేదు. కానీ నా అనుమానాన్ని అంకె చేసి పెడితే, ఇంక ఏ అంకెను నమ్మేది?"

"పోనీ, ఆమెను ఆస్పత్రికన్నా పంపించండి సార్."

"మనకిచ్చిన డబ్బు లెక్క కట్టేదానికే అమ్మా. వైద్యానికి అందులో పైసా లేదు. చీటీ రాసిస్తాను, తిరుపతికి పొమ్మను."

"ఒక దినం పోతే ఆమె చోటు పోతాది సార్."

అఫ్సానా ఫోన్ పెట్టేసింది.

ఆయన చెప్పింది తప్పు కాదు. అదే ఆమెను నలిపింది. తప్పు చెప్పేవాడితో పోట్లాడవచ్చు. సత్యానికి నిదర్శనం అడిగేవాడితో, నిదర్శనం చూపితే కూలి పోతుందని ఎలా వాదించడం? భయం పలికిన 'లేదు', ఆరోగ్యం పలికిన 'లేదు' యంత్రంలో ఒకే బరువు తూగుతాయి.

తిరిగి వచ్చి గోవిందమ్మ పక్కన గొంతుకూర్చుంది.

"అక్కా, నీకు అబద్ధం సెప్పను. నోరు తెరిస్తే మందిస్తామని సెప్పలేను. పని పోదని కూడా సెప్పలేను. తెరవకపోతే ఈడ జబ్బే లేదంటాది మిషను. క్యాంపు ఇంకో ఊరికి పోతాది."

గోవిందమ్మ చేతులు ఆగలేదు. "అంత తెలివైన మిషనుకు నా నోరు యాలమ్మా?"

"మీరు సెప్పిందే దానికి తెలుసక్కా."

"అట్లయితే దానికేమీ తెలీదు."

మూడో లారీ వెనక్కి తిరిగి నిలబడింది. రెడ్డెప్ప సంచి పట్టుకొని వరస మొదలుపెట్టాడు. "ఏమ్మా, ఇంకా ఈడే ఉండావా? మా వాళ్ల నోర్లకేమి, నన్ను తిట్టేదానికి బాగానే తిరగతాయి." రామక్క చేతిలో ఆకు పెట్టి, గోవిందమ్మ వైపు చిటికెడు పొగాకుతో చెయ్యి చాచాడు.

ఆమె చెయ్యి లేవలేదు.

"బిన్నా పట్టుకో. లారీ నిలబడుండాది."

"వద్దప్పా."

ఆ వరసలో ఆ మాట ఇదివరకు వినబడలేదు. గోవిందమ్మ పక్కకు వంగి నోట్లోది ఉమ్మేసింది. సీసా నీళ్లతో పుక్కిలించింది. ఎర్రటి నీళ్లు పగిలిన కాయల మీద పడ్డాయి. కొంగుతో మూతి తుడుచుకొని అఫ్సానా వైపు తిరిగింది.

"ఎయ్యమ్మా, నీ లైటు."

అఫ్సానా టార్చి వెలిగించింది. గోవిందమ్మ నోరు తెరిచింది. వేలు దూరేంత తెరుచుకొని దవడ ఆగిపోయింది. మెడ నరాలు తేలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. పళ్ల వరస అంతకు మించి విడలేదు.

"ఇంకొంచెం అక్కా."

"ఇంతే వస్తాదమ్మా," అంది పళ్ల మధ్యనుంచే.

రెడ్డెప్ప వేళ్ల మధ్య పొగాకు అలాగే ఉంది. రామక్క చేతిలోని ఆకు నోటిదాకా పోయి ఆగింది. అఫ్సానా ఒళ్లోని ట్యాబ్, నోట్లో పుండుకు 'ఉంది', 'లేదు' అని రెండే జవాబులు చూపిస్తూ వేచి ఉంది. ఆమె టార్చిని ఇటు వంచింది, అటు వంచింది. వెలుతురు బుగ్గ లోపలికి పోలేక ఎర్రబారిన పళ్ల మీదే నిలిచిపోయింది.