ఆరో అక్క టైర్ల బోణీ

నా బండి టైర్లు గుండైపోయాయని నాకు తెలియకపోవడమేమీ లేదు. ముప్పై ఏళ్ల బండి అది. మా ఆయన పోతూ పోతూ నాకు వదిలిన రెండింటిలో ఒకటి. రెండోది ఆయన తల్లి. రెండూ పొద్దున్నే దగ్గుతాయి, రెండూ నా మాట వినవు. వానాకాలం మొదలయ్యాక కూడా ఇవాళ మారుద్దాం, రేపు మారుద్దాం అని నెట్టుకొచ్చాను.

శనివారం పొద్దున చిన్న వంతెన దిగుతుంటే వెనక చక్రం నన్నడగకుండానే పక్కకి వెళ్లిపోయింది. బండీ పడలేదు, నేనూ పడలేదు. కానీ ఆరువందల బాతుగుడ్లలో నలభై మూడు పోయాయి. మిగిలినవి తీసుకెళ్లి బేకరీ దగ్గర దించితే, యజమానురాలు ఖ్వే గారు గుడ్ల బుట్ట వైపు చూడలేదు. నడుం వంచి నా వెనక టైరు వైపు చూసింది.

"ఆరో అక్కా, ఇది టైరా, సన్యాసి బోడిగుండా?" అంది. "గుడ్లు పగిలితే గుడ్లు పోతాయి. నువ్వు పగిలితే నా పొయ్యి ఆగిపోతుంది. సోమవారం పొద్దున ఇవే టైర్లతో వచ్చావా, ఒక్క గుడ్డు దించుకోను. తామ్ బిన్ నుంచి ఒకాయన వ్యానులో తెస్తానని నెల రోజులుగా నా చుట్టూ తిరుగుతున్నాడు."

ఆవిడ ఊరికే బెదిరించే మనిషి కాదు. నా ఇల్లు నడిచేది ఆ ఒక్క బేకరీ మీదే. ఆవిడ వద్దంటే నా గుడ్లు సంతలో ఎండలో కూర్చోవలసిందే, వాటి పక్కన నేనూ కూర్చోవలసిందే.

నా అసలు పేరు లువా. ఇంట్లో ఐదోదాన్ని. మా వైపు ఒకటో అంకె ఎవరికీ ఇవ్వరు కాబట్టి లెక్క రెండు నుంచి మొదలై నేను ఆరోదాన్నయ్యాను. మాంగ్ థిత్‌లో ఏటికి అటు ఇటు అందరికీ నేను ఆరో అక్కనే.

ఆ మధ్యాహ్నమే టైర్ల బూ కొట్టుకి వెళ్లాను. రేవుకి పోయే సందులో ఉంటుంది. బూ నాకన్నా నాలుగేళ్లు చిన్న. చేతిలో పనుంది, ధర దగ్గర మాత్రం బండరాయి. మూడు రకాలు తీసి నేల మీద పెట్టాడు.

మొదటి టైరు నిగనిగలాడిపోతోంది. గాడులు లోతుగా ఉన్నాయి, ధర సగమే. నాకు అనుమానం వచ్చి గాడి అడుగున గోరు పెట్టి గీకితే నల్లరంగు గోటికి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, అరిగిపోయిన టైరుకి వేడి కత్తితో గాడులు కోసి, పైన రంగేశారు. నన్నేమనుకున్నావు?"

"చూపిద్దామని తీశానక్కా. అమ్ముదామని కాదు."

"చూశాలే. లోపల పెట్టు."

రెండోది థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. మెత్తని రబ్బరు, తడి రోడ్డుని బాగా పట్టుకుంటుంది. కానీ ఆ మెత్తదనం మీద నేనూ గుడ్లూ కూర్చుంటే ఆరు నెలల్లో అరిగి మళ్లీ బూ మొహమే చూడాలి. మూడోది మన దేశపు సరుకు. గోడలు దళసరి, గాడులు లోతు, అందం సున్నా. నాకు కావలసింది అదే. పక్కన అచ్చొత్తిన నాలుగంకెలు చదివాను. మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ ఏడాది.

"ఏడేళ్ల కిందటిదిరా ఇది! రబ్బరు ఎండి చెక్కయిపోయి ఉంటుంది. ఇదే రకంలో కొత్తది తియ్యి."

గొణుక్కుంటూ అటకెక్కి ఈ ఏటివి రెండు దించాడు. ముందుకి సన్నది, వెనక్కి లావుది. ట్యూబులు, బిగింపు కలిపి ఐదు లక్షల ఇరవై వేల డాంగ్‌లన్నాడు. నా దగ్గరున్నవి నాలుగు లక్షలు.

"నాలుగు," అన్నాను.

"నాలుగు లక్షలకి టైర్లు రావక్కా. వాటి వాసన వస్తుంది. పీల్చుకుని వెళ్లు."

"పోనీ నాలుగూ పదివేలు. ఆ పదివేలూ రేపు."

"ఐదూ ఇరవై. అసలు మధ్యాహ్నం కాబట్టి నీతో ఇంతసేపు మాట్లాడుతున్నాను. పొద్దున్నే వచ్చుంటే గుమ్మం కూడా తొక్కనిచ్చేవాణ్ని కాదు. నీ చెయ్యి సంగతి ఊరందరికీ తెలుసు."

ఆ మాట నాకు చురుక్కుమంది. నా చెయ్యి బరువని మా రేవులో పదకొండేళ్లుగా చెప్పుకుంటున్నారు. నేను బోణీ చేస్తే ఆ రోజు ఆ కొట్టుకి ఇక బేరాలుండవట. ఎలా మొదలైందో కూడా చెబుతాను. ఓసారి పడవ మీద అరటిపళ్లమ్మే ఆయన దగ్గర పొద్దున్నే ఒక అత్తం పళ్లు కొన్నాను. ఆ రోజే ఆయన పడవ మునిగింది. మునిగిందంటే, మోకాలి లోతు నీళ్లలో ఒరిగింది. పళ్లు తడిశాయి, అంతే. ఆ తరువాత నేను బోణీ చేసిన సేమియా కొట్టావిడ మూడు నెలల్లో కొట్టు మూసేసింది. ఆవిడ సేమియా తిన్నవాళ్లెవరికీ అందులో ఆశ్చర్యం కనిపించలేదు, అయినా నింద నా మీదే పడింది. అప్పటినుంచి పొద్దున్నే నా బండి చప్పుడు వినిపిస్తే సందులో షట్టర్లు నేను దాటిపోయేదాకా లేవవు. ఎవరైనా తొందరపడి ఎత్తేసి ఉంటే, నా వెనకే కీడు పోవాలని కాగితం వెలిగించి గుమ్మం చుట్టూ తిప్పుతారు. ఆ పొగ వాసన నాకు బాగా తెలుసు.

ఇంటికి వెళ్లి ఏడుపుమొహంతో గంజి కాస్తుంటే మా అత్తగారు అంతా విని, వక్క నములుతూ అంది: "ఏమే, నీ చెయ్యంటే వాళ్లందరికీ భయమేగా?"

"అవును, అత్తా. నువ్వూ గుచ్చు."

"గుచ్చడం కాదే మొద్దూ. అంత భయాన్ని పదకొండేళ్లుగా ఊరికే పారబోస్తున్నావు. ఒక్కసారైనా వాడుకోవచ్చుగా?"

నేను గరిటె కింద పెట్టి ఆవిణ్ని ముద్దు పెట్టుకున్నాను. ఛీ పో అంది.

ఆదివారం తెల్లవారుతూనే, సన్నగా చినుకులు పడుతుంటే, బూ కొట్టు ముందు బండి ఆపి షట్టరుకి ఆనుకుని నిలబడ్డాను. షట్టరు మోకాలెత్తు లేచింది. బూకి ముందు నా చెప్పులు కనిపించినట్టున్నాయి. షట్టరు ఆగిపోయింది.

"ఎవరది?"

"నేనేరా తమ్ముడూ. బోణీకొచ్చాను."

లోపల ఏదో కింద పడింది. గుసగుసలు వినిపించాయి. కాసేపటికి షట్టరు పూర్తిగా లేచింది. బూ భార్య ద్యెప్ తడి జుట్టుతో నిలబడి చేతిలో ఒక వాల్వు మూత పట్టుకుని నవ్వింది.

"అయ్యో, ఆలస్యంగా వచ్చావక్కా. బోణీ నేను చేసేశాను. ఇదిగో, మూత కొన్నాను."

"డబ్బెక్కడిదమ్మా?"

"ఆయన జేబులోంచి."

"వాడి జేబులోంచి తీసి వాడికే ఇస్తే దాన్ని బోణీ అంటారటే? పైనున్న దేవుడికి కళ్లు లేవనుకున్నావా?"

ద్యెప్‌కి నవ్వాగలేదు. బూకి మాత్రం చెమటలు పడుతున్నాయి. నా చేత కొనిపిస్తే బరువు చేతి బోణీ. కొనకుండా పంపిస్తే అది ఇంకా పాడు, మొదటి మనిషి ఉత్త చేతులతో వెళ్లిపోయినట్టు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నేను తీరిగ్గా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వెళ్లమంటావా?" అన్నాను లేవబోతూ.

"కూర్చో, కూర్చో!" అని అరిచాడు. తల గోక్కున్నాడు. "నాలుగుకి ఇస్తాను. కానీ ఒక షరతక్కా. మధ్యాహ్నం పన్నెండు లోపల ఇంకొక్క బేరమైనా తెగాలి. తెగలేదా, టైర్లు విప్పేస్తాను, నీ డబ్బు నీకిచ్చేస్తాను. సరేనా?"

ఆ వానలో, ఆదివారం పూట టైర్లు కొనేదెవరు? అయినా మరో దారి లేదు. సరేనన్నాను. బూ మంచి పనివాడని చెప్పానుగా, అరగంటలో రెండూ బిగించాడు. నేనింకా సందు మలుపు తిరగకముందే కాగితం కాలిన వాసన వచ్చింది. వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

కొత్త టైర్లు! వంతెన దిగినప్పుడు బండి గీత గీసినట్టు దిగింది. సంతోషం పట్టలేక మళ్లీ ఎక్కి మళ్లీ దిగాను. ఈ టైర్లని మధ్యాహ్నం విప్పనిస్తానా? బండిని నేరుగా రేవుకి పోనిచ్చాను. అక్కడ బల్లకట్టు కోసం ఎప్పుడూ ఇరవై ముప్పై బండ్లు ఆగి ఉంటాయి. గొడుగు వేసుకుని, వరసలో ఒక్కొక్క వెనక టైరూ వంగి చూసుకుంటూ వెళ్లాను.

"బాబూ, నీ టైరు మీద మొహం చూసుకోవచ్చు."

"నీకెందుకు పిన్నీ?"

"నాకెందుకా? వెనకున్న పిల్లతో పెళ్లెప్పుడయింది?"

"పోయిన వారం."

"వారానికే దాన్ని కాలవలో పడేస్తావా?"

ఆ పిల్ల దిగి టైరు చూసి మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. వచ్చే నెల మారుస్తానన్నాడు వాడు. చేపలమ్మే ఆయన నా చేపలకి లేని భయం నీకెందుకన్నాడు. పంతులమ్మ నాకు పాఠాలు చెప్పకు అంది. ఒక్క బండీ కదల్లేదు. పదకొండయింది. నా గొంతు బొంగురుపోయింది. ఖ్వే గారి గుమ్మం ముందు తామ్ బిన్ వ్యాను ఆగి ఉన్నట్టు కళ్లముందు కనబడుతోంది.

అప్పుడు అద్దె బండి నడిపే థాచ్ నా బండి చుట్టూ తిరిగి చూశాడు. "కొత్తవి వేయించావే అక్కా! ఎంతకి పడ్డాయి?"

చెప్పకూడదన్న ఆలోచన కూడా రాలేదు. గొప్ప ఒకటి, నోరాగక ఒకటి. "నాలుగు లక్షలు. జత. ట్యూబులూ బిగింపూ కలిపి."

"ఎక్కడా?"

"బూ దగ్గర."

"బూనా? వాడు కన్నతల్లికే తగ్గించడు!"

"వెళ్లి అడుగు. ఆరో అక్క ధర అని చెప్పు!" అని రేవంతా వినబడేలా అరిచాను.

చూడాలి అప్పుడు. చేపలాయన బండి తిప్పాడు. కొత్త పెళ్లికొడుకు తిప్పాడు. పంతులమ్మ అందరికన్నా ముందు తిప్పింది. బల్లకట్టు సగం ఖాళీగా వెళ్లిపోయింది.

నేను కొట్టు చేరేసరికి సందులో నడవడానికి జాగా లేదు. హమ్మయ్య అనుకున్నాను. జనాన్ని తోసుకుని లోపలికెళితే బూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"జనమొచ్చారక్కా. బేరం రాలేదు. అందరూ ఆరో అక్క ధర, ఆరో అక్క ధర అని ఒకటే గోల. ఆ ధరకి నేనివ్వను, ఐదూ ఇరవైకి వాళ్లు కొనరు. పన్నెండుకి పది నిమిషాలుంది. టైర్లు విప్పేస్తున్నాను."

నా నోరే నా కొంప ముంచిందని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ముందు కోపమే బయటికొచ్చింది.

"విప్పరా, విప్పు! నేనొక్కదాన్ని కొనకుండా పోతానంటేనే పొద్దున నీకు చెమట్లు పోశాయి. ఇప్పుడు పదకొండుమంది బేరమాడి ఉత్త చేతులతో పోతున్నారు. ఎన్ని కాగితాలు కాలుస్తావో కాల్చు. నా చెయ్యి బరువన్నావుగా, వీళ్లందరి చేతులూ కలిపి తూచుకో!"

బూ మొహం పాలిపోయింది. జనం వంక చూశాడు, గోడ గడియారం వంక చూశాడు. వెనక నుంచి ద్యెప్ వచ్చి గాలి పంపు నేలకేసి కొట్టింది.

"నాలుగు లక్షల ముప్పై వేలు!" అని కేక వేసింది. "ఆ ముప్పై వేలూ ఆరో అక్క నోటికి పన్ను. కావలసినవాళ్లు వరసలో నిలబడండి. ఎక్కువ మాట్లాడితే నలభై చేస్తాను."

అందరూ నవ్వారు. థాచ్ ముందుగా డబ్బు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. నేను గోడకి ఆనుకుని కింద కూలబడ్డాను.

ఆ తరువాత ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. అటక మీంచి దించిన ప్రతి టైరు మీదా అంకెలు గట్టిగా చదివాను. ఏడేళ్లవి ఒక్కటి కూడా అమ్మనివ్వలేదు. బూ నన్ను కొరికేసేలా చూశాడు. మూడయ్యేసరికి మంచి సరుకంతా అయిపోయింది. బూ నెలలో అమ్మేది ఒక్కరోజులో అమ్మి, చేతులు తుడుచుకోకుండానే నా పక్కన కూర్చున్నాడు. ద్యెప్ నా చేతిలో ఐసు కాఫీ పెట్టింది.

"నీ చెయ్యి తేలికే అక్కా," అన్నాడు బూ. "నీ నోరే బరువు."

"తెలుసులేరా."

"నెల మొదలయ్యే పాడ్యమి గురువారం పడింది. పొద్దున్నే వచ్చి బోణీ చెయ్యి. ఏదైనా కొను, వాల్వు మూతైనా సరే. ధర మాత్రం ఎవరికీ చెప్పకు."

పదకొండేళ్లలో ఒక మనిషి నన్ను పొద్దున్నే రమ్మనడం అదే మొదలు. కళ్లల్లో నీళ్లు తిరిగితే కాఫీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఐసు అయిపోయినా తాగుతూనే ఉన్నాను.

"వస్తాను," అన్నాను చివరికి. "మూతలు ఒకటి కొంటే ఒకటి ఉచితమేనా?"